డ్రోన్ మందు, ఫోన్ స్టార్టరు, ఇంటి నుంచి ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉభయ గోదావరుల నుంచీ కోనసీమ నుంచీ వచ్చాయి. చాలామంది అడిగింది కొత్త యంత్రాల గురించే. ఒకే సంగతి మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబు రాశాం. వ్యవసాయం, విద్యుత్తు, ఆక్వా పనులు ఎరిగినవారితో రాయించాం.

ప్రశ్న: మూడెకరాలు కౌలుకు చేస్తున్నానండి. స్వర్ణ వరి వేశాను. చేలో రసం పీల్చే సుడిదోమ కనపడుతోంది. మనుషులు దొరక్క డ్రోన్‌తో మందు కొట్టిద్దామనుకుంటే, పక్క రొయ్యల చెరువాయన ఒప్పుకోవడం లేదు. పైగా ఎకరానికి పది లీటర్ల నీళ్లు చాలంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక కౌలు రైతు, ఆకివీడు మండలం

జవాబు: పది లీటర్ల మాట నిజమే. చేతి స్ప్రేయరుతో ఎకరానికి 200 లీటర్లు కొట్టే చోట డ్రోన్ 8 నుంచి 10 లీటర్లతో సరిపెడుతుంది. కానీ ఎకరానికి వేసే మందు మోతాదు తగ్గదు, తగ్గేది నీళ్లు మాత్రమే. అంటే డ్రోన్ నుంచి పడే ప్రతి చుక్కా మామూలు పిచికారీ చుక్క కంటే ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చుక్క గాలికి కొట్టుకుపోయి చెరువులో పడితే ఏమవుతుందన్నదే మీ పక్కాయన భయం. ఆ భయం అనవసరమైనది కాదు. రొయ్య పురుగులకు దగ్గరి జాతి. దోమ నరాలను దెబ్బతీసే మందు రొయ్యనూ వదలదు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము ఉన్నా రొయ్యలు చనిపోతాయి.

పైరిత్రాయిడ్లను మీరు ఎలాగూ వాడకూడదు. అవి సాలీళ్ల వంటి మిత్రపురుగులను చంపేస్తాయి, ఆ తర్వాత సుడిదోమ మునుపటి కంటే ఎక్కువగా పెరుగుతుంది. దుకాణంలో ‘ఇదీ కలిపి కొట్టండి’ అని చేతిలో పెట్టినా తీసుకోవద్దు. దుబ్బుకు పది పదిహేను దోమలు కనిపిస్తే పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ ఎకరానికి 120 గ్రాములు వాడండి. ఇది దోమను వెంటనే పడగొట్టదు. దోమ రసం పీల్చడం మానేసి కొన్ని రోజుల్లో చనిపోతుంది. మర్నాడు దోమలు ఇంకా కదులుతున్నాయని మళ్లీ కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు, అది డబ్బు దండగ.

సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. డ్రోన్ మందు పైనుంచి పడుతుంది. రెక్కల గాలి ఆకులను కొంత విడదీస్తుంది గానీ, చేను బాగా కమ్ముకుంటే మందు మొదలు దాకా దిగదు. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసినవారికి ఈ ఇబ్బంది తక్కువ. తీయకపోతే డ్రోన్ వచ్చే ముందు చేనును పాయలు పాయలుగా విడదీయండి. దోమ తీవ్రంగా ఉన్న మడుల్లో మాత్రం మనిషి దిగి మొదళ్లు తడిసేలా కొట్టడమే మేలు. అక్కడ డ్రోన్ మీద ఆశ పెట్టుకోకండి.

చెరువు వైపు గట్టు నుంచి కనీసం 30 మీటర్లు డ్రోన్‌కు వదిలేసి, ఆ పట్టీని చేతి స్ప్రేయరుతో కొట్టించండి. గాలి చెరువు వైపు వీస్తుంటే ఆ రోజు పని ఆపేయాలి. గంటకు పది కిలోమీటర్లు మించిన గాలిలో ఏ వైపు వీచినా కొట్టకూడదు. పొగమంచు ఉన్న తెల్లవారుజామున గాలి కదలదు కాబట్టి మంచి సమయమని కొందరనుకుంటారు. అప్పుడు సన్న తుంపర కిందికి దిగకుండా పొగలా నిలబడి, ఎటు పోతుందో తెలియదు. మంచు విడిచాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత కొట్టించండి. డ్రోన్ చేను మీద ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎత్తులోనే ఎగరాలి. ఎకరం ఎనిమిది పది నిమిషాల్లో అవుతుంది. తొందరపడి ఇంకా ఎత్తులో, వేగంగా తిప్పితే మందు పడేది పక్క చేలో.

చెరువుకు ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సుడిదోమకు చేను ఆరగట్టడం మంచిదే, కానీ నీళ్లు తీయాల్సింది మందు కొట్టక ముందు. కొట్టాక తూము తెరిస్తే ఆ నీళ్లు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి దిగువ చెరువులు తోడుకునే మోటారులోకి వెళతాయి. కొట్టిన తర్వాత వారం రోజులు గండి మూసి ఉంచండి. డ్రోన్ ట్యాంకును మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను మీ చేలోనే పోయించండి. పంట కాలువలో కడగనివ్వొద్దు, ఆ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీటి చెరువుకు పోతాయి.

డ్రోన్ నడిపే అతని దగ్గర రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ మీద గుర్తింపు సంఖ్య ఉన్నాయో లేదో అడిగి చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెండూ ఉండాలి. పొడి మందును ముందు చిన్న బకెట్లో కరిగించి గుడ్డలో వడకట్టి పోయాలి, లేకపోతే నాజిల్ మూసుకుపోయి చారలు చారలుగా పడుతుంది. రెండు మూడు మందులు కలపాలనుకుంటే అదే పాళ్లలో సీసాలో కలిపి అరగంట ఉంచండి. విరిగినా అడుగున పేరుకున్నా కలపొద్దు.

ఇక చెరువాయనకు ఏ మందు, ఏ రోజు, ఏ సమయానికి కొడుతున్నారో ముందు రోజే చెప్పండి. ఆ రోజుకు ఆయన నీళ్లు తోడుకోవడం ఆపుకుంటారు. వచ్చే సార్వాకు (ఖరీఫ్ పంటకు) దోమను కొంత తట్టుకునే ఎంటీయూ 1061, ఎంటీయూ 1064 రకాల గురించి మార్టేరు పరిశోధన స్థానంలో అడగండి. మీరు వేసిన స్వర్ణ కూడా అక్కడిదే.

ప్రశ్న: చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లకు ఫోన్‌తో పనిచేసే స్టార్టరు పెట్టించాం. కరెంటు పోతే ఫోన్ మోగాలి. ఒక రాత్రి కరెంటు పోయింది, ఫోన్ మోగలేదు. తెల్లారేసరికి రొయ్యలు గట్టుకు చేరాయి. తప్పెక్కడ?
– భీమవరం దగ్గర వెనామీ రొయ్యల రైతు

జవాబు: ఈ స్టార్టరు నాలుగు చోట్ల మోసం చేస్తుంది. లోపలి సిమ్‌కు రీఛార్జి గడువు అయిపోవడం అన్నిటికంటే ఎక్కువ. ఆ సిమ్ ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి వచ్చిన సందేశం ఎవరూ చదవరు. రెండోది, స్టార్టరు లోపలి చిన్న బ్యాటరీ ఏడాది రెండేళ్లకు చచ్చిపోతుంది. కరెంటు పోయిన క్షణమే అదీ ఆగిపోతే కాల్ చేసేదెవరు? మూడోది టవరు. మీ ఫీడరు (కరెంటు లైను) మీదే టవరుంటే, దాని బ్యాటరీలు కూడా బలహీనమైతే సిగ్నలూ పోతుంది. నాలుగోది మీ ఫోనే. రాత్రి పది దాటాక దానంతటదే నిశ్శబ్దంలోకి వెళ్లేలా పెట్టుకున్నారేమో చూడండి. స్టార్టరు నంబరును ఆ నిబంధన నుంచి మినహాయించాలి. పాత స్టార్టర్లలో 2జీ భాగమే ఉంటుంది. జియోకు 2జీ లేదు, వాటిలో ఆ సిమ్ పనిచేయదు.

కాబట్టి ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కరెంటు పోగానే మోగే సైరన్ ఒకటి 12 వోల్టుల బ్యాటరీ మీద చెరువు గట్టునే పెట్టించండి. దానికి సిమ్ అక్కర్లేదు, టవరు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. ప్రతి వారం ఒకే రోజున మెయిన్ ఆపి, సైరన్ మోగిందా, ఫోన్ వచ్చిందా చూడాలి. కాపలా మనిషిని తీసేసి స్టార్టరు పెట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. మా మాట అడిగితే, చివరి నెలలో, అంటే రొయ్య బరువు పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువైన రోజుల్లో, రాత్రి గట్టు మీద మనిషి ఉండాల్సిందే.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకో ప్రమాదముంది. ఏరేటర్లన్నీ ఒక్కసారి మొదలైతే ఒక్కో మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా వోల్టేజి పడి ఏదీ తిరగదు. ఒక్కో స్టార్టరులో ఆలస్యాన్ని 10, 20, 30 సెకన్లుగా వేరు వేరుగా పెట్టించండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటారు హుమ్మంటూ తిరగక కాలిపోతుంది. దానికి, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉండాలి. ఓవర్‌లోడ్ రిలేను (ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేది) మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకే కట్టాలి. రెండు హెచ్‌పీ మోటారుకు సుమారు మూడున్నర ఆంపియర్లు. ‘మాటిమాటికీ పడిపోతోంది’ అని మెకానిక్ రిలేను పైకి తిప్పేస్తే మోటారుకు కాపుదల పోయినట్టే. పడిపోవడానికి కారణం బేరింగో, రెక్కలకు చుట్టుకున్న నాచో అయ్యుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మనిషి ప్రాణం. చెరువులో మనిషి దిగి రెక్కలు శుభ్రం చేస్తుండగా, ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్న యజమాని ఫోన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. ఆటో పద్ధతిలో ఉంటే ఎవరూ నొక్కకుండానే తిరుగుతుంది. నీళ్లలోకి ఎవరు దిగినా ముందు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులో ఉండాలి. ఫోన్‌లో ఆపడం ఆపినట్టు కాదు. ప్రతి లైనుకూ కరెంటు కాస్త లీకైనా సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు గుంట ఉండాలి. కేబులు అతుకులు నీళ్లలో ఉండకూడదు. జనరేటరు వాడేవారు మధ్యలో లైనును, జనరేటరును ఒకేసారి కలవనివ్వని చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే, ఆ కరెంటు లైనులోకి ఎదురు వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మన్‌ను చంపుతుంది. ఇందులో రాజీ లేదు.

ప్రశ్న: ఆక్సిజన్ మీటరు లీటరు నీటికి 6 మిల్లీగ్రాములు చూపిస్తోంది, రొయ్యలేమో పైకి తేలుతున్నాయి. మీటరును నమ్మాలా, రొయ్యను నమ్మాలా?
– కాళ్ల మండలం నుంచి

జవాబు: రొయ్యను. ముందు మేత ఆపి ఏరేటర్లన్నీ వేయండి, మీటరు సంగతి తర్వాత చూడొచ్చు. నీళ్లలో ముంచే ప్రోబు పొర కింద బుడగ చేరినా, లోపలి ద్రావణం పాతబడినా అంకె తప్పు వస్తుంది. ప్రోబును తడిగాలిలో పట్టుకుని సరిచేయాలి. 30 డిగ్రీల మంచినీటికి పూర్తి స్థాయి, అంటే నీరు పట్టుకోగలిగిన ఆక్సిజన్, 7.5 దగ్గర, ఉప్పు 10 పీపీటీ (వెయ్యి పాళ్లలో పది) ఉన్న నీటికి 7.1 దగ్గర ఉండాలి. మీటరులో ఉప్పు శాతం ఎక్కించకుండా కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పొర ఉన్న ప్రోబు కొలిచేటప్పుడు ఆక్సిజన్‌ను తనే తింటుంది, నీళ్లలో మెల్లగా ఆడిస్తూ కొలవాలి. కాంతితో కొలిచే ఆప్టికల్ ప్రోబుకు ఆడించక్కర్లేదు.

ఎక్కడ, ఎప్పుడు కొలిచారన్నది కూడా చూడండి. ఏరేటరు పక్కన, పైనీటిలో, పొద్దెక్కాక కొలిస్తే 6 ఉండొచ్చు. ఏరేటరుకు దూరంగా, అడుగు నుంచి ఒక అడుగు పైన, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య కొలిచి రాసుకోండి. అక్కడ 4 కంటే తగ్గితే ఏరేటర్లు చాలడం లేదని అర్థం. ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ లెక్కన సరిచూసుకోండి.

ప్రశ్న: కోత మిషనుతో కోయించిన ధాన్యానికి రైతు సేవా కేంద్రంలో తేమ 19 వచ్చింది, మిల్లు దగ్గర 21 అన్నారు. ఎవరి మిషను సరైనది?
– తణుకు ప్రాంత రైతు

జవాబు: రెండూ సరైనవే అయ్యుండొచ్చు, ఎందుకంటే కొలిచిన గింజలు వేరు. మిషను కోసిన రోజున ధాన్యం 20 నుంచి 24 శాతం తేమతో ఉంటుంది. పచ్చి గింజలు, తాలు, గడ్డి ముక్కలు కలిసి ఉంటాయి. బస్తా పైన తీసిన గుప్పెడుకూ అడుగున తీసిన గుప్పెడుకూ రెండు శాతం తేడా రావడం మామూలే. కనీసం ఐదు బస్తాల్లో పైన, మధ్య, అడుగున తీసి కలిపి, తాలు ఊది, మూడుసార్లు కొలిచి సగటు చూడమని అడగండి. ఎండలోంచి తెచ్చిన వేడి గింజను వెంటనే కొలవకూడదు, నీడలో చల్లారాక కొలవాలి. మీటరులో వరి ఎంపిక చేసి ఉందో లేదో కూడా చూడండి. అది మొక్కజొన్న మీద ఉండిపోతే అంకెకు అర్థం లేదు.

కొనుగోలుకు హద్దు 17 శాతం. 22 శాతం ఉన్న 75 కిలోల బస్తాను 17కు ఆరబెడితే 70 కిలోల 500 గ్రాములు మిగులుతుంది. నీరు పోయిన లెక్క ఇంతే. ఇంతకంటే ఎక్కువ తరుగు అడిగితే దేనికో చెప్పమని నిలదీయండి, తాలుకైతే తాలు తూచి చూపించాలి. 2025–26 ఖరీఫ్‌లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన బస్తాకు ఒక కిలో అదనంగా కోసినా దాదాపు 24 రూపాయలు పోయినట్టే.

ఆరబెట్టడానికి రోడ్డు కంటే బరకం మేలు. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంటకోసారి తిరగేయండి. తొందరపడి పలచగా పరిచి నడి ఎండలో వదిలేస్తే గింజలో పగుళ్లు వచ్చి మిల్లులో నూక ఎక్కువవుతుంది. కోసేటప్పుడు కోత మిషను డ్రమ్ము వేగం ఎక్కువ పెట్టినా ఇదే జరుగుతుంది. డ్రైవరు గంటల లెక్కన డబ్బు తీసుకుంటాడు, ఎకరాల లెక్కన తీసుకుంటాడు, ఏదైనా సరే, మొదటి మడి కోశాక ట్యాంకులోంచి గుప్పెడు తీసి తొక్క ఊడిన గింజలు ఎన్నున్నాయో చూసి, ఎక్కువుంటే వేగం తగ్గించమనండి.

ప్రశ్న: చేపలు అమ్ముతాను. ఒకతను డబ్బు పంపానని ఫోన్‌లో చూపించి వెళ్లిపోయాడు, ఖాతాలో పడలేదు.
– రాజోలు నుంచి ఒక మహిళ

జవాబు: కొనేవారి ఫోన్‌లో కనిపించే పచ్చ టిక్కు నిజం కావాలని లేదు, అలా చూపించే నకిలీ యాప్‌లున్నాయి. మీ ఖాతాలో డబ్బు పడినట్టు మీ ఫోన్‌లో కనిపించాలి, లేదా మీ దగ్గరి స్పీకరు పెట్టె మొత్తం చెప్పాలి. అప్పటిదాకా సంచి చేతికివ్వకండి. రద్దీలో ఇది మొహమాటంగా ఉంటుంది, అయినా అందరితో ఒకేలా చేస్తే ఎవరూ తప్పుపట్టరు. ‘పొరపాటున మీకు ఐదు వేలు పంపాను, తిరిగి పంపండి’ అంటే సందేశం కాదు, ఖాతాలో మిగులు చూడండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే పోయేది మీ డబ్బే. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. తొలి గంటల్లో చెబితే, అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపే వీలుంటుంది.

ప్రశ్న: పెళ్లయి అమలాపురం దగ్గర అత్తవారింటికి వచ్చాను. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరెంటు పోతే మీటింగు మధ్యలో ఆగిపోతోంది. అంతకంటే కష్టం, అత్తయ్యగారు మంచివారే గానీ, ‘ఇంట్లోనే ఉన్నావు కదమ్మా’ అని నడుమ నడుమ పిలుస్తారు. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కరెంటు సంగతి లెక్కతో తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌కు 60 వాట్లు, వైఫై పెట్టెకు 12, మామూలు ఫ్యానుకు 75, మొత్తం దాదాపు 150. 12 వోల్టులు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టరు నష్టం పోను, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకుండా వాడుకునేది 1,150 దాకా. అంటే ఏడెనిమిది గంటలు వస్తుంది. ఫ్యానును 30 వాట్ల బీఎల్‌డీసీ రకానికి మారిస్తే పది గంటలు దాటుతుంది. వైఫై పెట్టెకు విడిగా చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి, ఇన్వర్టరు మారే క్షణంలో అది మళ్లీ మొదలవకుండా ఉంటుంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే లోపం చాలావరకు మీ ఇంట్లో కాదు, ఫైబరు తెగింది లేదా ఊళ్లోని కేబులు ఆపరేటరు దగ్గర కరెంటు పోయింది. దానికి వేరే కంపెనీ సిమ్‌తో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవాలి. మీ వైపు ఉప్పుగాలికి బ్యాటరీ కొనలు త్వరగా తుప్పు పడతాయి, తుడిచి వాజలిన్ రాయండి. డిస్టిల్డ్ వాటరు మట్టం రెండు నెలలకోసారి చూడండి.

రెండో సంగతి. మీవారిదీ ఇంటి నుంచి ఉద్యోగమే అయితే ఆయన్ని మీటింగు మధ్యలో ఎవరూ పిలవరు, గమనించే ఉంటారు. ఈ తేడాను అత్తయ్యగారి ముందు పెట్టాల్సింది మీరు కాదు, ఆయన. ఆయన నోటి నుంచి ‘అమ్మా, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా తను ఆఫీసులో ఉన్నట్టే, ఏదైనా కావాలంటే నన్ను పిలు’ అన్న మాట రావాలి. ఆ తర్వాత ఆయన నిజంగా లేచి రావాలి. గ్యాసు బండి వచ్చినా, చుట్టాలు వచ్చినా.

అత్తయ్యగారి వైపు నుంచీ చూడండి. ఆవిడకు కనిపించేది తలుపు తీసి ఉన్న గది, తెర ముందు కూర్చున్న కోడలు. ఏది మీటింగో, ఏది ఖాళీయో ఆవిడకు ఎలా తెలుస్తుంది? తలుపు మూసి ఉంటే మీటింగు, తెరిచి ఉంటే పలకరించొచ్చు అని చెప్పండి, మీరూ దాన్ని తప్పకండి. వంటపని లెక్క ఒకసారి ముగ్గురూ కూర్చుని వేసుకోండి. పొద్దున మీరు, మధ్యాహ్నం ఆవిడ, రాత్రి మీవారు, లేదా మీ ఇంటికి కుదిరినట్టు. మీ జీతంలోంచి పనిమనిషికి ఇవ్వడానికి మీరు సిద్ధమైతే అది ఆవిడకు ఊరట కోసమని చెప్పి పెట్టుకోండి. ఇన్నేళ్లుగా ఆ ఇంటి పని ఆవిడ జీతం లేకుండా చేశారు, ఆ సంగతి మీ నోటి నుంచి వింటే ఆవిడకు మీ ఉద్యోగం మీద కోపం ఉండదని మా నమ్మకం.

ప్రశ్న: మా వైపు దింపు తీసేవాళ్లు (కొబ్బరికాయలు దించేవాళ్లు) దొరకడం లేదు. కొబ్బరిచెట్టు ఎక్కే మిషను నేను నేర్చుకోవచ్చా? ఆడదాన్ని కదా అని ఇంట్లో వద్దంటున్నారు.
– అంబాజీపేట మండలం

జవాబు: నేర్చుకోవచ్చు. కేరళలో ఆడవాళ్లు ఈ మిషనుతో దింపు తీస్తున్నారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టు ఎక్కడంలో ఆరు రోజుల శిక్షణ ఇస్తుంది, ఎక్కేవారికి బీమా పథకం కూడా ఉంది. కొని ఇంట్లో ప్రయోగం చేయకుండా శిక్షణతోనే మొదలుపెట్టండి. మిషను రెండు భాగాలు, ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి. ఒక్కోదానికి చెట్టు చుట్టూ బిగిసే ఇనుప తాడు ఉంటుంది. బలం కంటే లయ ముఖ్యం, ఒక కాలి బరువు పడ్డాకే రెండోది ఎత్తాలి. చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి తాడు పొడవు సరిచేసుకుంటూ వెళ్లాలి, జారేది సాధారణంగా అక్కడే. నడుముకు బెల్టు కట్టుకుని, దాన్ని చెట్టుకు వేరే తాడుతో కలపాలి.

వాన పడిన చెట్టు, బాగా వాలిన చెట్టు, కరెంటు తీగ పక్కన ఉన్న చెట్టు మిషనుతో ఎక్కొద్దు. ఇనుప తాడును వారానికోసారి వేలితో తడిమి చూడండి. ఒక్క పోగు తెగినా, తుప్పు రాలినా ఆ తాడు మార్చాల్సిందే.